సంతకం డైరెక్టరుది, బాకీ ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లో నేనూ మా ఆయనా అట్టపెట్టెలు తయారుచేసే చిన్న షెడ్డు నడుపుతున్నాం. మామిడి సీజన్ ముందు ఒక ఎగుమతి కంపెనీ డైరెక్టరు స్వయంగా వచ్చి, కంపెనీ పేరు ప్రింటు చేసిన పెట్టెలు ఇరవై వేలు కావాలన్నారు. స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసుకున్నాం. ఆయన సంతకం పెట్టారు, కంపెనీ ముద్ర వేశారు. అడ్వాన్సు లక్ష రూపాయలు కంపెనీ ఖాతా నుంచే వచ్చింది. సరుకు వాళ్ల గోడౌన్‌లో దింపాం. ప్రతి చలానా మీదా గేటు దగ్గర స్టాంపు వేయించుకున్నాం. తీరా మిగతా డబ్బు అడిగేసరికి ఆ డైరెక్టరు రాజీనామా చేశారన్నారు. మా లాయరు నోటీసుకి వచ్చిన జవాబు ఒక్కటే: ఆ అగ్రిమెంటు చేసే అధికారం డైరెక్టర్ల బోర్డు ఆయనకు ఇవ్వలేదు, కాబట్టి కంపెనీకి సంబంధం లేదు.

పేపరు రీళ్లు అప్పు మీద తెచ్చుకున్నాం. ఆ జవాబు చదివాక ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిచాయో మాకే తెలుసు. మా రోడ్డులోనే ఇలాంటి జవాబు అందుకున్నవాళ్లు ఇంకా ఇద్దరున్నారని తర్వాత తెలిసింది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

2013 కంపెనీల చట్టం ప్రకారం అధికారం బోర్డు మొత్తానిది, ఏ ఒక్క డైరెక్టరుదీ కాదన్న మాట నిజమే. ఎండీ, కంపెనీ సెక్రటరీ లాంటివాళ్లు గానీ, బోర్డు అధికారమిచ్చిన ఉద్యోగి గానీ ఒప్పందాల మీద సంతకం చేయొచ్చని 21వ సెక్షన్ చెబుతుంది. కానీ బోర్డు గదిలో తీర్మానం జరిగిందో లేదో అట్టపెట్టెలు చేసుకునే మాకు ఎలా తెలుస్తుంది? ఇదే ప్రశ్న 1856లో ఇంగ్లండులో వచ్చింది. వేల్స్‌లోని ఒక బొగ్గు కంపెనీ ఇద్దరు డైరెక్టర్ల సంతకంతో, కంపెనీ సీలుతో ఒక బ్యాంకుకి బాండు రాసిచ్చి, తర్వాత వాటాదారుల తీర్మానం సరిగా జరగలేదంది. లోపలి వ్యవహారాలు సక్రమంగానే జరిగాయని అనుకునే హక్కు బయటివాళ్లకు ఉందని కోర్టు చెప్పింది. మన కోర్టులూ ఈ సూత్రాన్నే పాటిస్తున్నాయి. లోపం ముందే తెలిసినవాళ్లకూ, అనుమానించాల్సిన చోట కళ్లు మూసుకున్నవాళ్లకూ, దొంగ సంతకాల కాగితాలకూ మాత్రం అది వర్తించదు.

మాకు మొదట భయం పుట్టించింది 1934 నాటి మద్రాసు హైకోర్టు తీర్పు. కక్షిదారుల పేర్లు తెలుగు పేర్లే. కంపెనీ నియమావళి ప్రకారం దస్తావేజు మీద మేనేజింగ్ డైరెక్టరు, సెక్రటరీ, వర్కింగ్ డైరెక్టరు, ముగ్గురూ సంతకం చేయాలి. తనఖా పత్రం మీద ఇద్దరే చేశారు. అప్పు మంచి మనసుతోనే ఇచ్చినా, డబ్బు కంపెనీ పనికే ఖర్చయినా, ఆ తనఖా చెల్లలేదు. నియమావళి కంపెనీల రిజిస్ట్రారు దగ్గర అందరికీ అందుబాటులో ఉంటుంది కాబట్టి చదువుకోవాల్సిన బాధ్యత ఎదుటివాళ్లదే అన్నారు. మా వ్యవహారం వేరని లాయరు గారు ధైర్యం చెప్పారు. తన మాటతోనో, తన నడతతోనో, తన తరఫున పనిచేసే ఏజెంటుకి అధికారం ఉందని ఎదుటివాళ్లను నమ్మించిన యజమాని తప్పించుకోలేడని 1872 కాంట్రాక్టు చట్టం 237వ సెక్షన్ చెబుతుంది. ఉచితంగా ఇవ్వని సరుకు వాడుకున్నవాళ్లు పరిహారం ఇవ్వాల్సిందేనని 70వ సెక్షన్ చెబుతుంది. అడ్వాన్సు కంపెనీ ఖాతా నుంచి పంపి, సరుకు దించుకుని, వాడుకుని, ఇప్పుడు సంతకం మాది కాదంటే ఎలా? పైగా చిన్న పరిశ్రమలకు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 చట్టం ఉంది. చిన్న పరిశ్రమగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ముందే చేయించుకున్నాం కాబట్టి, ఇలాంటి బాకీల తగాదాలు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్లగలిగాం. అక్కడ రాజీ ప్రయత్నం నడుస్తోంది.

నా అసలు బాధ కౌన్సిల్ గురించి కాదు. కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో డైరెక్టర్ల పేర్లు, వాళ్లు ఎప్పుడు చేరారన్నది కనిపిస్తాయి. ఎవరు ఎంత మొత్తం దాకా సంతకం పెట్టొచ్చో మాత్రం కనిపించదు. కొన్ని ముఖ్యమైన బోర్డు తీర్మానాలను పబ్లిక్ కంపెనీలు రిజిస్ట్రారుకి పంపినా, వాటిని బయటివాళ్లు చూడకూడదని కంపెనీల చట్టం 117వ సెక్షనే అంటుంది. ప్రైవేటు కంపెనీలకు 2015 నుంచి మామూలుగా ఆ పంపే పనే లేదు. నియమావళి చదవలేదని మమ్మల్ని తప్పుపడతారు, తీర్మానమేమో మా కంటికి కనపడనివ్వరు. ఒప్పందాల మీద ఎవరు సంతకం చేయొచ్చో, ఏ పరిమితి వరకో, కంపెనీలు ఏటా రెండు వాక్యాల్లో ఆ పోర్టల్‌లోనే ప్రకటించేలా కేంద్రం నిబంధన పెట్టాలి. ఆ వివరం తెలుగులోనూ ఉండాలి. ఇక్కడి జిల్లా పరిశ్రమల కేంద్రాలు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ గురించి చెప్పేటప్పుడే సంతకం సంగతి కూడా చెప్పాలి.

పోయిన వారం వేరే కంపెనీ నుంచి కొత్త ఆర్డరు వచ్చింది. సంతకం చేసే ఆయనకు అధికారమిస్తూ బోర్డు చేసిన తీర్మానం కాపీ అడిగాను. "ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ" అన్నాడు వాళ్ల మేనేజరు. రెండు రోజుల్లో పంపించాడు. ఆ తర్వాతే రీళ్లకు ఆర్డరు పెట్టాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయవాడ