ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఆ తాళం గుర్తు ఎవరిది?

సంపాదకుల వారికి,

కంపెనీల నెట్‌వర్క్‌లు చూసుకునే పనిలో పదకొండేళ్లుగా ఉన్నాను. ఉద్యోగుల మీద నిఘా సాఫ్ట్‌వేర్ పెట్టేది మాలాంటివాళ్లమే కాబట్టి, ఈ ఉత్తరం కొంత నా మీద నేను రాసుకుంటున్న ఫిర్యాదు.

మొన్న మా అకౌంట్స్‌లో పనిచేసే ఒకావిడ వచ్చి, “ఈ ల్యాప్‌టాప్‌లో నా సొంత మెయిల్ చూసుకుంటే మీకు కనిపిస్తుందా అండీ?” అని అడిగారు. అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉందిగా, ఫర్వాలేదులే అని ఆవిడ ధైర్యం. ఆ గుర్తు నొక్కి, సైట్ అసలుదేనని హామీ ఇచ్చే సర్టిఫికెట్ తెరిచి చూపించాను. జారీ చేసినవారి పేరు ఉండాల్సిన చోట మా కంపెనీ పేరుంది.

సంగతేమిటంటే, ల్యాప్‌టాప్ చేతికివ్వక ముందే కంపెనీ అందులో తన రూట్ సర్టిఫికెట్, అంటే తాను జారీ చేసే సర్టిఫికెట్లన్నిటినీ బ్రౌజర్ నమ్మేలా చేసేది, వేసి పెడుతుంది. ఆ తర్వాత మనం ఏ సైట్‌కి వెళ్లినా మధ్యలో ప్రాక్సీ అనే కంపెనీ సర్వర్ ఆపి, ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవకుండా వేసిన రహస్య లిపి) విప్పి, లోపల చూసి, మళ్లీ మూసి పంపుతుంది. బ్రౌజర్ ఆ సర్టిఫికెట్‌ను నమ్ముతుంది కాబట్టి తాళం అలాగే కనిపిస్తుంది. టైప్ చేసిన పాస్‌వర్డ్ కూడా అక్కడ విప్పేసే ఉంటుంది. చాలాచోట్ల బ్యాంకు, ఆసుపత్రి సైట్లను విప్పకుండా వదిలేస్తారు. కానీ ఆ జాబితాను ఉద్యోగులకు చూపించిన కంపెనీ నాకింతవరకు తగల్లేదు.

నిఘా అసలే వద్దని నేననను. వైరస్‌లు కూడా ఎన్‌క్రిప్షన్ చాటునే వస్తాయి. ఆఫీసు పాస్‌వర్డ్‌నే బయటి సైట్లలో వాడేవాళ్లను హ్యాష్ (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టే, వెనక్కి విప్పలేని గుర్తు) పోల్చి పట్టుకునే పద్ధతి కూడా మంచిదే. అన్నీ సరిగ్గా ఉన్నచోట మీ ఆఫీసు పాస్‌వర్డ్ నెట్‌వర్క్ చూసుకునే అడ్మిన్‌కి కూడా తెలియదు, మార్చగలడంతే. అందుకే సెలవులో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి పాస్‌వర్డ్ చెప్పమనే మేనేజర్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

రొమేనియాలో ఒక ఇంజినీరును ఆఫీసులో సొంత చాటింగ్ చేశాడని 2007లో ఉద్యోగంలోంచి తీసేశారు. రాసుకున్న మాటలు కూడా చదువుతారని అతనికి ముందుగా చెప్పలేదు. అతని వ్యక్తిగత జీవితానికి తగిన రక్షణ దక్కలేదని 2017 సెప్టెంబరులో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 11-6 మెజారిటీతో తేల్చింది. నిఘా పెట్టకూడదని అనలేదు. ముందుగా చెప్పారా, సరైన కారణం ఉందా, ఇంతకన్నా తక్కువ చూసి పని కానిచ్చుకోలేరా అన్నవి చూడాలంది.

చేరిన రోజు సంతకాలు పెట్టించే కాగితాల కట్టలో “నెట్‌వర్క్‌ను పర్యవేక్షించే హక్కు కంపెనీకి ఉంది” అని ఎక్కడో ఒక వాక్యం ఉంటుంది. అది చాలదు. ఏం విప్పుతారు, ఏది వదిలేస్తారు, లాగ్‌లు (ఎవరు ఏం చూశారో నమోదయ్యే రికార్డులు) ఎన్నాళ్లు దాస్తారు, ఎవరు చూడొచ్చు అన్నది ఒక్క పేజీలో రాసివ్వాలని చట్టమే చెప్పాలి. లాగ్ తెరిచిన అడ్మిన్ పేరు కూడా నమోదు కావాలి, నాతో సహా.

ఆవిడ ఇప్పుడు మెయిల్ తన ఫోన్‌లో, తన డేటాతోనే చూసుకుంటున్నారు. మిగతావాళ్లకు చెప్పడానికి నాకు అనుమతి లేదు.

ఇట్లు,
పేరు ప్రచురించవద్దని కోరుతున్న ఒక నెట్‌వర్క్ ఇంజినీర్