నష్టం లెక్కలో ఎవరున్నారు?

సంపాదకుడు గారికి,

తుపానో వరదో వచ్చి వెళ్లాక పత్రికల్లో రెండు అంకెలు కనిపిస్తాయి: ఇందరు చనిపోయారు, ఇన్ని కోట్ల నష్టం. మొదటి అంకె విషయంలో ప్రపంచం కొంత గట్టెక్కింది. ముందస్తు హెచ్చరికలు మెరుగుపడ్డాక, 1970 నుంచి 2019 మధ్య వాతావరణ విపత్తుల్లో మరణాలు దాదాపు మూడో వంతుకు తగ్గాయని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క తేల్చింది. అదే కాలంలో ఆర్థిక నష్టం ఏడు రెట్లు పెరిగింది. ఆ రెండో అంకెలో ఎవరి నష్టం ఉందో, ఎవరిది లేదో అడగాలనే ఈ ఉత్తరం.

2017లో హార్వీ హరికేన్ అమెరికాకు తెచ్చిన నష్టం సుమారు 12,500 కోట్ల డాలర్లు. ఆ ఏడాదే మరియా హరికేన్ డొమినికా అనే చిన్న ద్వీప దేశాన్ని ఊడ్చేసింది. అక్కడి నష్టం 130 కోట్ల డాలర్లే. కానీ అది ఆ దేశ వార్షిక ఆదాయానికి 226 శాతం! అమెరికాకు హార్వీ దెబ్బ తన ఆదాయంలో ఒక శాతం కూడా కాదు. డాలర్ల వరుసలో పెడితే డొమినికా ఎక్కడో అడుగున ఉంటుంది.

బీమా సంగతీ ఇంతే. 2024లో ప్రకృతి విపత్తుల నష్టం 32,000 కోట్ల డాలర్లు, అందులో బీమా ఉన్నది 14,000 కోట్లకేనని, బీమా కంపెనీలకే బీమా ఇచ్చే మ్యూనిక్ రీ సంస్థ చెప్పింది. మిగతాది ఎవరు కట్టుకున్నారు? మోకాలి లోతు నీళ్లు రెండు రోజులు నిలిచిన ఇంట్లో తడిసిన పరుపు, గింజలు మొలకెత్తిన బస్తా, అట్టముక్కలా బిగుసుకుపోయిన దస్తావేజులు ఏ కంపెనీ ఖాతాలోకీ ఎక్కవు. పంట పోయినా పంట అప్పు పోదు. చదువు మానేసిన పిల్ల ఏ అంకెలోనూ లేదు.

నష్టం పెరగడానికి వాతావరణ మార్పు ఒక్కటే కారణమని నేను అనను. వరద మైదానాల్లో, సముద్రపు ఒడ్డున ఇళ్లు కట్టుకుంటూ పోయాం, ఆస్తుల విలువా పెరిగింది. అలాగని వాతావరణ మార్పు పాత్రనూ దాచలేం. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టగలదు. అదే కుండపోతగా దిగుతుంది.

2022 వరదలు పాకిస్తాన్‌లో 3 కోట్ల 30 లక్షల మందిని తాకాయి. నష్టం మొత్తం 3,000 కోట్ల డాలర్లు దాటింది. మరుసటి ఏడాది దుబాయ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సులో, విపత్తుల్లో నష్టపోయే పేద దేశాల కోసం తెరిచిన 'నష్టం, హాని నిధి'కి ప్రపంచమంతా కలిసి వాగ్దానం చేసింది దాదాపు 70 కోట్ల డాలర్లు. ఒక్క దేశపు ఒక్క వరదకే ఇది ఏ మూలకు? కాలుష్యం ఎక్కువగా వదిలినవారే ఎక్కువ కట్టాలన్న న్యాయం ఇక్కడ ఎక్కడుంది?

లెక్కే మానేస్తే అడిగే వీలు కూడా పోతుంది. 1980 నుంచి అమెరికాలో జరిగిన, నష్టం వందకోట్ల డాలర్లు దాటిన విపత్తుల జాబితాను నిర్వహిస్తూ వచ్చిన అక్కడి ప్రభుత్వ వాతావరణ సంస్థ నోవా, 2025 మేలో దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇది నాకు చాలా బాధ కలిగించింది.

అందుకే మీకో విన్నపం. విపత్తు వార్త రాసినప్పుడు మొత్తం నష్టంతో పాటు, అందులో బీమా లేనిది ఎంతో, ఆ ప్రాంత ఆదాయంలో అది ఎన్నో వంతో కూడా వేయండి. ఆరు నెలల తర్వాత విలేకరిని మళ్లీ అక్కడికి పంపండి. పరిహారం ఎందరికి అందిందో, ఎందరు ఊరొదిలి వెళ్లారో అప్పుడే తెలుస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు