ఉన్ని ప్రదర్శన, నిర్ణయం, అమ్మకం: సంఘం వార్షిక నివేదిక

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పనిలో ఎక్కువ భాగం గొర్రెల ఉత్సవంలో పెట్టిన ఉన్ని ప్రదర్శన చుట్టూనే నడిచింది. అందుకే ఈ నివేదికలో కూడా దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాం. వడకడం నేర్పే తరగతులు, గొర్రెపిల్లల పెంపకం మీద సమావేశం అనుకున్న ప్రకారం జరిగాయి. ఆడిట్ అయిన జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో విడిగా అందిస్తాం.

ప్రదర్శనలో వచ్చిన పెద్ద మార్పు, బహుమతుల నిర్ణయం అందరి ఎదుట జరగడం. అంతకుముందు న్యాయనిర్ణేత ఒక గదిలో కూర్చుని మార్కులు వేసేవారు. పెంపకందారులకు చివరికి బహుమతి రిబ్బన్ రంగు మాత్రమే తెలిసేది. ఈసారి ప్రతి ఫ్లీస్‌నీ, అంటే ఒక గొర్రె నుంచి కత్తిరించిన మొత్తం ఉన్నినీ, బల్ల మీద పరిచి, ఏది నచ్చిందో, మార్కులు ఎక్కడ తగ్గాయో, ఎందుకు తగ్గాయో పైకి చెప్పమని కోరాం. యజమాని పేరు బయటపెట్టలేదు, నంబరు మాత్రమే చదివారు. తమ ఉన్నిలోని లోపం పదిమందిలో వినాల్సి వస్తుందని కొందరు సభ్యులు టెన్షన్ పడ్డ మాట నిజమే. అయినా ఈ పద్ధతి కొనసాగాలనే కార్యవర్గం అభిప్రాయం. బాగా పెంచిన గొర్రె ఉన్నికి కూడా మార్కులు ఎందుకు పోతాయో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు మనకు మరొకటి లేదు.

ఒక పరీక్ష దగ్గర మాత్రం జనం కదలకుండా నిలబడ్డారు. ఫ్లీస్‌లోంచి సన్నటి పాయ ఒకటి తీసి, రెండు కొసలూ గట్టిగా పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారిగా లాగుతారు. ఉన్ని బలంగా ఉంటే తీగ మీటినట్టు మోగుతుంది. బలం లేకపోతే చిటపటమంటుంది, లేదా ఒకే చోట రెండుగా తెగిపోతుంది. ఆ తెగే చోటును గమనించాలి. గొర్రెకు జ్వరం వచ్చినా, మేత ఒక్కసారిగా తగ్గినా, ఈనేటప్పుడు బాగా నలిగినా ఆ రోజుల్లో పెరిగిన పోగు సన్నబడిపోతుంది. ఒంటి మీది పోగులన్నీ అదే సమయంలో పెరుగుతాయి కాబట్టి ఆ బలహీనత పాయలన్నిటిలో దాదాపు ఒకే ఎత్తులో కనిపిస్తుంది. కొసకూ మొదలుకూ మధ్య ఎంత దూరంలో తెగిందో చూసి, గొర్రె ఏ కాలంలో కష్టపడిందో అనుభవమున్న న్యాయనిర్ణేత చెప్పగలరు. అలాంటి ఉన్ని ఏకేటప్పుడు ముక్కలై, నూలులో ఉండలు కడుతుంది. అందుకే ఎంత మెత్తగా ఉన్నా పై బహుమతి దక్కదు.

ఈనడానికి కొన్ని వారాల ముందే ఉన్ని కత్తిరించాలని మన తరగతుల్లో పదేపదే చెప్పేది ఇందుకే. అప్పుడు ఆ బలహీనమైన చోటు పాయ నడుమన కాకుండా కొస దగ్గర పడుతుంది, వడికేవారికి పెద్దగా ఇబ్బంది ఉండదు. విత్తులు తీసిన పొట్టేళ్ల ఉన్ని ప్రదర్శనల్లో తరచూ ముందు నిలవడంలో ఆశ్చర్యం లేదు. వాటికి ఈత బాధా లేదు, పాలిచ్చే శ్రమా లేదు. మందలో వాటిని దండగ అనుకునేవాళ్లు మరోసారి ఆలోచించాలి.

ఈసారి ఎక్కువ మార్కులు పోయింది మాత్రం గొర్రె వల్ల కాదు, కత్తిరింపు రోజు బల్ల దగ్గర చూపిన తొందర వల్ల. ఫ్లీస్‌ను జల్లెడలా సందులున్న బల్ల మీద, కత్తెర తగిలిన వైపు కిందికి వచ్చేలా పరిచి, చుట్టూ అంచులు తీసేయాలి. పొట్ట కింది ఉన్ని, కాళ్ల దగ్గరిది, పెంటికలు అంటుకున్నది, ఎండుగడ్డి ఇరుక్కున్న మెడ భాగం, రంగు గుర్తులు వేసిన కొసలు అన్నీ పోవాలి. కత్తెర ఒకేచోట రెండుసార్లు నడిస్తే మిగిలే పొట్టి తునకలను దులిపేయాలి. అలా తీస్తుంటే బరువు పోతోందని ప్రాణం ఉసూరుమంటుంది. కానీ ఆ తీసేసిన దాన్ని కొనేవాళ్లు ఎలాగూ పారేస్తారు, పైగా రెండోసారి మన దగ్గరికి రారు. అనుమానంగా ఉన్న పిడికెడు ఉన్నిని కూడా తీసేయడమే మంచిదని న్యాయనిర్ణేత రోజంతా చెబుతూనే ఉన్నారు.

మెడలో గడ్డి చేరకుండా ఉండాలంటే మేత తొట్టి గొర్రె తల కంటే ఎత్తులో ఉండకూడదు. ప్లాస్టిక్ తాళ్లు, చిరిగిన ప్లాస్టిక్ గోనెలు కత్తిరించే చోటికి అసలు రానీయకండి. వాటి పోగులు ఉన్నిలో కలిస్తే ఏరడం సాధ్యం కాదు, రంగూ పట్టవు. కడిగినా పోని పసుపు మరక మరో సమస్య. తేమ, వెచ్చదనం కలిసినచోట అది పుడుతుంది కాబట్టి తడిసిన గొర్రెను కత్తిరించకూడదు, ఉన్ని ఆరకుండా మూట కట్టకూడదు.

విభాగాల గురించి కొన్ని ప్రశ్నలు వచ్చాయి. సన్నరకం, మధ్యరకం, పొడవు రకం, రెండు పొరల ఉన్నిగల పాతకాలపు జాతులు, వీటన్నిటినీ విడివిడిగా పోటీకి పెట్టాం. తెల్లవి, సహజ రంగువి కూడా వేరు చేశాం. సన్నరకమైన మెరినో జాతి గొర్రె పోగు మందం సాధారణంగా 24 మైక్రాన్ల లోపే ఉంటుంది, పొడవు రకమైన లింకన్ జాతి పోగుది 34 దాటుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో 1000వ వంతు. ఈ రెండిటినీ ఒకే బల్ల మీద పోల్చితే ఎవరికీ న్యాయం జరగదు. ఒకదానిలో చూడాల్సింది దగ్గరదగ్గర నొక్కులు, మెత్తదనం. రెండోదానిలో మెరుపు, పొడవు, బలం. ఏ రకమైనా భుజం దగ్గరి పాయకూ తొడ దగ్గరి పాయకూ తేడా ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. తొడ ఉన్ని కొంత ముతకగా ఉండటం సహజం, మరీ తేడా ఉంటే మాత్రం మార్కులు తగ్గుతాయి. పాతకాలపు పుస్తకాల్లో 60, 64 అని కనిపించే బ్రాడ్‌ఫర్డ్ లెక్క అడిగినవారికి: ఒక పౌను ఉన్ని నుంచి 560 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వడకవచ్చో ఆ అంకె చెబుతుంది. అంకె పెరిగేకొద్దీ ఉన్ని సన్నం.

బహుమతుల నిర్ణయం పూర్తయ్యాకే అమ్మకం మొదలుపెట్టాం. ప్రతి సంచికీ గొర్రె జాతి, బరువు, యజమాని చెప్పిన కిలో ధర, న్యాయనిర్ణేత రాసిన చీటీ కట్టాం. కొనడానికి వచ్చినవాళ్లలో చేత్తో వడికేవాళ్లే ఎక్కువ. వాళ్లు రిబ్బన్ కంటే ముందు ఆ చీటీ చదవడం చూసి కార్యవర్గానికి సంతోషం కలిగింది. మూడో బహుమతి వచ్చిన ఉన్నిని, మొదటిదాన్ని పక్కనపెట్టి, తమ పనికి ఇదే సరిపోతుందని ఏరుకుని పట్టుకెళ్లిన వాళ్లున్నారు.

తూకం గురించి ఒక ఫిర్యాదు వచ్చింది, అందులో న్యాయముంది. తాకితే తడి తెలియకుండానే ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమ పీల్చుకోగలదు. ముసురు పట్టిన ఉదయం తూచిన సంచికీ ఎండలో తూచినదానికీ తేడా వస్తుంది. ఇంట్లో రాసుకొచ్చిన బరువును ఇకపై ఒప్పుకోం. అన్ని సంచులూ ఒకే పూట, ఒకే కాటా మీద, చేర్చుకునేటప్పుడే తూచాలని తీర్మానించాం. ఇంకో సంగతి కూడా కొనేవాళ్లకు చెప్పాలి. పచ్చి ఉన్ని బరువంతా నూలు కాదు. జిడ్డు, చెమట ఉప్పు, మట్టి కడిగితే పోతాయి. మెరినోలో సగం దాకా తగ్గవచ్చు, పొడవు రకాల్లో తగ్గుదల అంతకంటే తక్కువ. అందుకే రెండు రకాల కిలో ధరలు పక్కపక్కన పెట్టి ఇది చవక, అది ప్రియం అనడం సరికాదు.

అమ్ముడుపోని ఉన్నిని ఎవరిది వాళ్లు తీసుకెళ్లారు. అంచుల ఉన్నిని సంఘం తోటలో మొక్కల మొదళ్లలో పరిచాం, తేమ బాగా నిలుస్తోంది.

వచ్చే ఏడాదికి రెండు నియమాలు కలుస్తున్నాయి. గొర్రెకు ఏడాది పొడవునా గుడ్డ తొడుగు వేసి పెంచిన ఉన్నికి ప్రత్యేక విభాగం ఉంటుంది. దాన్ని ఆరుబయట మేసిన గొర్రె ఉన్నితో పోటీకి పెట్టడం సరికాదని చాలామంది అడిగారు, కార్యవర్గం ఒప్పుకుంది. చిమ్మట పురుగు కనిపించిన సంచిని బల్ల దాకా కూడా రానివ్వం, అప్పటికప్పుడే మూసి బయటికి పంపేస్తాం. ఒక్క సంచి నుంచి హాలంతా పాకుతుంది కాబట్టి ఇందులో ఎవరికీ మినహాయింపు ఉండదు. న్యాయనిర్ణేత పక్కన కూర్చుని చీటీలు రాసేందుకు ఇద్దరు సభ్యులు కావాలి. దస్తూరి బాగుండి, రోజంతా ఓపిగ్గా వినగలిగినవాళ్లు కార్యదర్శికి పేరు ఇవ్వగలరు.