యూరియా బస్తా కాదది, ప్రాణమున్న ప్యాకెట్

సంపాదకులకు నమస్కారం.

కళ్యాణదుర్గం దగ్గర మాకు నాలుగెకరాల మెట్ట ఉంది, వానే ఆధారం. కిందటి ఖరీఫ్‌లో ఏళ్లుగా బీడు పడివున్న ఎకరన్నర గరుసు నేల దున్ని కొత్తగా వేరుశనగ వేశాను. నెల తిరిగేసరికి పైరు పసుపుబారింది. పక్కనే, ఏటా వేరుశనగ వేసే పాత చేను మాత్రం పచ్చగా ఉంది. రెండు చేలల్లోనూ అయిదేసి మొక్కలు వేళ్లు తెగకుండా తవ్వి తీసి, బకెట్ నీళ్లలో జాడించి చూశాను. పాత చేని వేళ్లకు ఆవగింజల్లా గుత్తులుగా బుడిపెలున్నాయి. గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు, వేలికి అంటింది కూడా. కొత్త చేలో మొక్కకు నాలుగో అయిదో ఉన్నాయి, చిదిమితే తెల్లగా పాలిపోయి.

బుడిపె పనిచేస్తోందనడానికి గుర్తు ఆ గులాబీ రంగు. అది మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టం లాంటి పదార్థం వల్ల వస్తుంది. బుడిపెల్లో కాపురముండే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందేలా మారుస్తుంది, మొక్క దానికి చక్కెర పెడుతుంది. వాన నమ్మకం లేని మా జిల్లాలో, సత్తువ లేని ఎర్రనేలలో ఈ పంట నిలబడుతోందంటే ఆ కాపురం వల్లే చాలావరకు.

వ్యవసాయ డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఇలాంటి కాపురం గురించే ఇంకో ముచ్చట చెప్పింది. అమెరికాలోని ఎల్లోస్టోన్‌లో వేడినీటి బుగ్గల పక్కన, 65 డిగ్రీలకు కాగే నేలలో కూడా ఒక గడ్డి బతుకుతుందట. గడ్డిలో ఒక బూజు, ఆ బూజులో ఒక వైరస్. 2007లో శాస్త్రవేత్తలు వైరస్‌ను తీసేసి చూస్తే, బూజు ఉన్నా గడ్డి ఆ వేడికి తట్టుకోలేకపోయిందట. వైరస్ అంటే జబ్బే అనుకునే నాకు ఇది వింతే.

ఇక నా చేని సంగతి. విత్తనానికి పట్టించిన రైజోబియం ప్యాకెట్, అంటే ఆ బ్యాక్టీరియాను ప్రాణంతోనే నింపి అమ్మే జీవన ఎరువు, నేను కొన్న కొట్లో రేకుల కప్పు కింద, పురుగుమందు డబ్బాల పక్కన, మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే అరలో ఉంది. ఇంటికొచ్చాక చూస్తే గడువు తేదీ చెరిగిపోయి ఉంది. "తెగులు మందుతో కలిపి పట్టించెయ్యన్నా, ఒకే పని అయిపోతుంది" అన్నాడు కొట్లో కుర్రాడు. నేనూ అలాగే చేశాను. బూజును చంపే మందు బ్యాక్టీరియాను వదిలిపెడుతుందా? మందు ముందు పట్టించి ఆరబెట్టాలని, రైజోబియం ఆఖర్న, విత్తే ముందు బెల్లం నీళ్లతో పట్టించి నీడలో ఆరబెట్టాలని తర్వాత తెలిసింది. ఆ తప్పులో నా వాటా నాదే. టెన్షన్ పడి పైన ఒక బస్తా యూరియా కూడా చల్లాను. యూరియా ఎక్కువైతే ఉన్న బుడిపెలూ తగ్గుతాయట!

వ్యవసాయ శాఖ వారికి నా విన్నపం ఇది. జీవన ఎరువులు అమ్మే చోట చల్లని అర ఒకటి తప్పనిసరి చేయండి. గడువు తేదీ చెరగకుండా, తెలుగులో పెద్దగా అచ్చు వేయించండి. ఏ మందుతో కలపకూడదో ప్యాకెట్ మీదే రాయించండి. విత్తనాల పంపిణీకి ముందే ఈ పని జరగాలి, అదను దాటాక చెప్పి లాభం లేదు.

ఈసారి నా ప్యాకెట్‌ను తడి ఇసుక మీద పెట్టిన కుండలో దాచుకుంటాను. కొట్లో ఎన్నాళ్లు ఎండిందో మాత్రం నాకెవరు చెప్పాలి?

ఇట్లు,
ఒక వేరుశనగ రైతు,
అనంతపురం జిల్లా