పాంగ్ గుడారంలోని ఆచే-లేకు కృతజ్ఞతలతో

నిన్న మధ్యాహ్నం నా మిత్రుణ్ణి లేహ్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి నుంచి పంపించారు. ఇప్పుడు అతను మేము దిగిన అతిథిగృహంలో పక్క మంచం మీద నిద్రపోతున్నాడు. ఊపిరి తీసుకుంటున్నప్పుడు ఛాతీలోంచి ఆ గురగుర శబ్దం రావడం లేదు. నాలుగు రాత్రులు ఆ శబ్దానికే చెవి అప్పగించి కూర్చున్నందువల్ల కాబోలు, అది ఆగిపోయిందని తెలిసినా నాకు కునుకు పట్టడం లేదు. ఎవరికి ఎంత రుణపడ్డామో మనసులో పచ్చిగా ఉన్నప్పుడే రాసిపెట్టాలని కూర్చున్నాను.

మేమిద్దరం హనుమకొండలో ఒకే బడిలో చదువుకున్నాం. ఉద్యోగ విరమణకు ముందే ఒకసారి మోటారు సైకిళ్ల మీద లద్దాఖ్ వెళ్లిరావాలన్నది మా ఇరవై ఏళ్ల కోరిక. నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ, చండీగఢ్ మీదుగా ఏడు రోజుల్లో మనాలి చేరాం. అక్కడ ఒక్క రాత్రి ఉండి, మరునాడు 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం దాటి, తండిలో ట్యాంకులు నింపుకుని జిస్పాలో ఆగాం. ఆ తర్వాతి రోజు ఒక్క పగటిలో బారాలాచా లా కనుమ ఎక్కి, సర్చు మైదానం దాటి, గాటా లూప్స్ 21 మలుపులూ ఎక్కి, నకీ లా, లాచుంగ్ లా కనుమలు దాటి, సాయంత్రం ఆరింటికి పాంగ్‌లో దిగాం. ఆ దారి అందం గురించి మరొకసారి రాస్తాను. ఇప్పుడు రాయడానికి మనసొప్పడం లేదు.

గాటా లూప్స్ దగ్గరే మిత్రుడికి పొడిదగ్గు మొదలైంది. ముందు వెళ్తున్న లారీల పొగ, దుమ్ము వల్ల అనుకున్నాం. పాంగ్‌లో పారాచూట్ గుడారాలు వేసి యాత్రికులకు భోజనమూ పడకా ఇచ్చేవాళ్లు ఉంటారు. అందులో ఒక గుడారంలోకి వెళ్లాం. దాన్ని నడిపే ఆమెను అందరూ "ఆచే-లే" అని పిలుస్తున్నారు. లద్దాఖీలో అక్కను గౌరవంగా పిలిచే మాట అది. ఆమె పేరు నాకు తెలుసు గానీ, ఆమె అనుమతి అడగలేదు కనుక ఇక్కడ రాయడం లేదు. మిత్రుడు అన్నం ముట్టకుండానే పడుకున్నాడు. నేను మాత్రం వేడివేడిగా రాజ్మా అన్నం తిని, రోజంతా బండి నడిపిన అలసట కదా, నిద్రపోతే తెల్లారేసరికి వాడే తేరుకుంటాడని నమ్మి, పక్కన నడుం వాల్చాను.

రాత్రి పదకొండు దాటాక ఎవరో నా భుజం తట్టి లేపారు. ఆచే-లే టార్చి పట్టుకుని నా మిత్రుడి చేతిగోళ్లు చూస్తోంది. గోళ్లు, పెదవులు నీలంగా ఉన్నాయి. "ఇది నిద్ర కాదు, లెండి" అంది హిందీలో. పక్క పడక మీది యాత్రికుడొకరు కాస్త రమ్ము పట్టించమని తన సీసా ఇవ్వబోతే ఆమె గట్టిగా వారించింది. పడుకోబెడితే ఊపిరి ఇంకా కష్టమవుతుందని, తన పడక మీది రజాయిలు కూడా తెచ్చి మడతలు పెట్టి, అతని వీపు వెనుక ఎత్తుగా అమర్చి కూర్చోబెట్టింది. అతను కక్కుకుంటే తానే పట్టుకుంది. పన్నెండు సీజన్లుగా అక్కడ గుడారం వేస్తున్నానని, ఇలాంటివి చాలా చూశానని ఆమె తర్వాత చెప్పింది. లేహ్‌లో డాక్టరుగారు చేసిన నిర్ధారణను ఆమె ఆ రాత్రి టార్చి వెలుగులో గోళ్లు చూసే చేసింది.

ఆ తర్వాత నన్ను అతని దగ్గరే ఉండమని చెప్పి, ఆ గాలిలో, చీకటిలో, ఒక్కతే సైన్యపు ట్రాన్సిట్ క్యాంపుకు నడిచి వెళ్లింది. నేను వెళ్తానంటే, కొత్తవాళ్లు ఈ ఎత్తులో పరుగెత్తితే రెండో రోగి తయారవుతాడని ఆపింది. అరగంటలో ఒక నర్సింగ్ సహాయకుణ్ణి, ఇద్దరు జవాన్లను, ఒక సిలిండరును వెంటబెట్టుకుని వచ్చింది. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరును వేలికి పెడితే 54 అని కనిపించింది. అతణ్ణి స్ట్రెచరు మీద క్యాంపు వైద్యశాలకు తీసుకెళ్లి తెల్లవార్లూ ఆక్సిజన్ పెట్టారు. ఆ నర్సింగ్ సహాయకుడు కుర్చీలోంచి లేవకుండా, గంటగంటకూ అంకె రాసుకుంటూ కూర్చున్నాడు. భారత సైన్యానికి, ప్రత్యేకించి ఆ అబ్బాయికి, నేను చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఎత్తు వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరే ఈ జబ్బుకు ఆక్సిజన్ ఇవ్వడం, వీలైనంత త్వరగా కిందికి దించడం ముఖ్యమైన చికిత్స అని లేహ్‌లో తెలుసుకున్నాను. కానీ పాంగ్ నుంచి కిందికి దిగడానికి తిన్నని దారి లేదు. పాంగే దాదాపు 4,600 మీటర్ల ఎత్తున ఉంది. మనాలి వైపు తిరిగితే 5,000 మీటర్లు దాటిన లాచుంగ్ లా ఎక్కాలి. లేహ్ వైపు వెళ్లాలన్నా 5,300 మీటర్లకు పైబడిన తంగ్లాంగ్ లా ఎక్కిన తర్వాతే దిగడం మొదలవుతుంది. అందుకని ఆక్సిజన్ లేనిదే కదలకూడదని క్యాంపులో చెప్పారు. తెల్లవారుజామున ఆచే-లేనే దారి మీద నిలబడి, లేహ్ వెళ్తున్న ఒక టాక్సీని ఆపి, డ్రైవరు దగ్గర నిండు సిలిండరు ఉందో లేదో చూసి, అందులోని వాళ్లను సర్దుకుని కూర్చోమని ఒప్పించింది.

సామాను తెచ్చుకోవడానికి గుడారానికి వెళ్లాను. మిత్రుడు కక్కుకున్న స్వెటరు, లోపలి చొక్కా ఆమె రాత్రే ఉతికి, బుఖారీ పొయ్యి గొట్టం పక్కన ఆరబెట్టి, మడిచి పెట్టింది. అక్కడ నీళ్లు క్యాన్లతో మోసుకొచ్చుకోవాలి. నా దగ్గరున్న నోట్లన్నీ తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె లెక్క చూసి 450 రూపాయలు తీసుకుని, మిగిలినవి నా చేతిలోనే పెట్టింది. ఒక భోజనం 150, ఒక పడక 300. రెండు పడకలు కదా అన్నాను. "ఆయన ఇక్కడ పడుకోలేదు కదా, తినలేదు కదా" అంది. రాత్రంతా తన రజాయిలు అతనికిచ్చి తాను పొయ్యి పక్కన కూర్చున్న మనిషి, పొద్దున అంత నిజాయితీగా లెక్క కట్టి చెప్పిన ఆ మాటకు నాలో ఏదో తెగిపోయింది. రాత్రంతా ఏడవనివాణ్ణి ఆ గుడారం మధ్యలో నిలబడి ఏడ్చాను. ఆమె ఏమీ అనలేదు. ఉప్పు, వెన్న వేసిన టీ ఒక గిన్నెలో పోసి ఇచ్చి, నేను తాగేవరకు ఎదురుగా కూర్చుంది.

మా చెల్లెమ్మలాంటి మిత్రుడి భార్య, ఆమె తమ్ముడు కబురు అందిన మరునాడే ఢిల్లీ మీదుగా విమానంలో వచ్చారు. మా ఇంటివాళ్లు డబ్బు సర్దారు. వాళ్లకు నేను వేరుగా చెప్పనక్కరలేదు. ఆసుపత్రిలో చూసిన డాక్టర్లకు, నర్సులకు మా రెండు కుటుంబాల తరఫున కృతజ్ఞతలు.

ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. 2005లో 108 వచ్చినప్పటి నుంచి మన ప్రాంతంలో ప్రాణం మీదికి వస్తే ఒక నంబరు ఉందన్న ధైర్యం ఉంది. ఆ రాత్రి నాకు ఆ ధైర్యం లేదు. మన రాష్ట్రంలో తీసుకున్న నా ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయలేదు. మిత్రుడిది పోస్ట్‌పెయిడే అయినా పాంగ్‌లో సిగ్నల్ అందలేదు. సొరంగం వచ్చాక మనాలి నుంచి పైకి చేరడానికి గంటలు తగ్గాయి. శరీరం ఎత్తుకు అలవాటు పడడానికి పట్టే రోజులు మాత్రం తగ్గలేదు. ఆ మాట దారి పొడవునా ఎక్కడా మా కంట పడలేదు. మాకు ప్రయాణ ప్రణాళిక వేసిచ్చిన సంస్థ ఎక్కడ టీ తాగాలో, ఎక్కడ ఫోటో దిగాలో కూడా రాసింది గానీ, జిస్పాలో రెండు రాత్రులు ఉండమని రాయలేదు. ప్రయాణ బీమా కంపెనీకి ఫోను చేస్తే, ఇది ప్రమాదం కిందికి రాదని ఒకరు, వస్తుందేమో గానీ ముందుగా తెలియజేయాల్సిందని మరొకరు అన్నారు. ఊపిరి ఆడని మనిషి ముందుగా ఎలా తెలియజేయాలి? ప్రతి ఏటా ఇన్ని వేలమంది వెళ్లే దారిలో, ఒక ప్రాణం నిలబడడం ఒక గుడారం నడిపే మనిషి మెలకువ మీద ఆధారపడి ఉండకూడదు. నేను కూడా బయలుదేరే ముందు చదివి తెలుసుకోవలసింది. ఆ బాధ్యత నాదే.

వెళ్లాలనుకునేవారు దయచేసి గుర్తుంచుకోండి: పైకి వెళ్లాక పొడిదగ్గు, కూర్చున్నా ఆయాసం, నీలిపెదవులు కనిపిస్తే అలసట అనుకోకండి, తెల్లవారేదాకా ఆగకండి.

టాక్సీ డ్రైవరు గురించి చెప్పడం మరిచిపోయాను. అతను తన పేరు రాయవద్దన్నాడు. తంగ్లాంగ్ లా మీద ఒక్క నిమిషం కూడా ఆపకుండా, సుమారు 175 కిలోమీటర్లు గుంతల్లో కుదుపు తగలనివ్వకుండా తీసుకొచ్చాడు. తమ ముందు సీటు వదులుకుని వెనుక సామాను మధ్య ఇరుక్కుని కూర్చున్న పూణే దంపతులకు కూడా కృతజ్ఞతలు. మోరె మైదానం దాటాక దారి తవ్వి ఉన్న చోట, మా టాక్సీ చక్రం దిగబడితే పార పక్కన పడేసి వచ్చి తోసిన జార్ఖండ్ కూలీలు ఆరుగురో ఏడుగురో ఉన్నారు. వాళ్లకు నేను నీళ్లు కూడా ఇవ్వలేదు. మా రెండు మోటారు సైకిళ్లను లారీలో ఎక్కించి లేహ్ చేర్చిన సర్దార్జీకి కూడా. రాత్రిపూట తలుపు తీసి మందులిచ్చిన దుకాణం అబ్బాయి గురించి ఇంతవరకు రాయనేలేదు, క్షమించాలి.

చివరగా ఒక మనవి. బయలుదేరేటప్పుడు ఆచే-లే ఒక ఆకుపచ్చ ఫ్లాస్కులో వేడినీళ్లు పోసి టాక్సీలో పెట్టింది. అది నా దగ్గరే ఉండిపోయింది. డాక్టరుగారు మిత్రుణ్ణి ఆ దారిన తిరిగి వెళ్లనివ్వరు, శుక్రవారం మేము విమానంలో వెళ్తున్నాం. సెప్టెంబరు చివరికి ఆమె గుడారం విప్పేస్తుంది. ఈ వారంలో లేహ్ నుంచి మనాలి వైపు వెళ్తున్న తెలుగువారు ఎవరైనా ఉంటే నాకు చెప్పండి, మీరున్న చోటికి వచ్చి ఫ్లాస్కు ఇస్తాను. పాంగ్‌లో ఆగి, అది ఆమెకిచ్చి, ఆయన లేచి కూర్చుని అన్నం తిన్నాడని చెప్పండి.