తిరుపతి నుంచి సూత్రధారుడికి

ప్రియమైన సూత్రధారుడికి,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. ఇంట్లో అందరూ కులాసా. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, తమ్ముడికి రేణిగుంటలో ఉద్యోగం దొరికింది, మిగతావి కలిసినప్పుడు చెబుతాను. ఇప్పుడు నీకు చెప్పకపోతే నిద్ర పట్టని సంగతి ఒకటి ఉంది.

ఆదివారాల్లో కథా నాటకమూ రాయడం నేర్పే తరగతికి వెళుతున్నానని నీకు తెలుసు. మొన్న మాస్టారు ఒకే సంఘటనను మొదట కథగానూ, తర్వాత నాటకంలో ఒక రంగంగానూ రాసుకురమ్మన్నారు. అత్తగారి మొక్కు తీర్చడానికి ఒక కొత్త కోడలు తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇస్తుంది, అంతే సంఘటన. కథ హాయిగా సాగింది. కథకుడు ఆమె మనసులోకి నేరుగా వెళ్లి, ‘ఆమెకు ఇష్టం లేదు, కానీ కాదనలేకపోయింది’ అని చెప్పగలడు కదా. నాటకంలో ఆ వీలు లేదు. పాత నాటకాల్లోలాగా ‘స్వగతం’ అని రాసి మనసులోది పైకి చెప్పించడాన్ని మాస్టారు ముందే నిషేధించారు. ప్రేక్షకుడికి కనిపించేదీ వినిపించేదీ తప్ప ఇంకేదీ కాగితం మీద ఉండకూడదన్నారు.

అందుకని కొండకు వెళ్లి కల్యాణకట్టలో చాలాసేపు నిలబడ్డాను. టోకెనూ కొత్త బ్లేడూ పట్టుకుని వరుసలో ఉన్న ఒకావిడ, తన వంతు రాగానే జడ విప్పి, రబ్బరు బ్యాండు తీసి, అలవాటు చొప్పున ముంజేతికి వేసుకుంది. కాసేపట్లో ముడి వేసుకోవడానికి జుట్టే ఉండదు, అయినా బ్యాండును భద్రంగా దాచుకుంది! ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. నాకు ఒళ్లు జలదరించింది. ఒక్క మాటైనా లేకుండా ఆమె మనసు నాకు తెలిసిపోయింది.

తరగతిలో నా రంగాన్ని ఇద్దరు చదివారు. కోడలు తన బాధ చెప్పుకునే నాలుగు మాటలను కొట్టేసి, ‘నీళ్లు చల్లగా ఉన్నాయి’ అన్న ఒక్క మాటా, బ్యాండు గురించిన రంగసూచనా మాత్రం ఉంచి, మళ్లీ చదవమన్నారు మాస్టారు. ఈసారి కోడలి పాత్ర చదువుతున్న అబ్బాయి, ఎవరూ చెప్పకుండానే, తన ముంజేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. చూస్తున్న మాకు అంతా అర్థమైంది. పాత్ర తనకేం కావాలో చెప్పనక్కర్లేదు, దానికోసం ఏదో ఒకటి చేస్తే చాలునన్నమాట!

ఇంకొకటి. మన గంగమ్మ జాతరను ఈ కళ్లతో ఎప్పుడైనా చూశావా? దొర వేషంలో అమ్మవారు, ఆడవాళ్లను వేధించే పాలెగాణ్ణి, అంటే ఆ ప్రాంతాన్ని ఏలేవాణ్ణి, సంహరించడంతో కథ ముగియదు. మరునాడు మాతంగి వేషం వేసుకుని అతని భార్యను ఓదారుస్తుందని చెబుతారు. చంపిన చేయే ఓదార్చడానికి వెళ్లడం ఎంత గొప్ప నాటకం! పతాక సన్నివేశం తర్వాత మిగిలిన మనుషుల్ని పట్టించుకునే ఆ ఒడుపును ఊరూరా వేషాలు కట్టేవాళ్లు ఎప్పుడో పట్టేశారు. అందుకే నా రంగాన్ని గుండు కాగానే ముగించకుండా, అత్తగారు కోడలి తలకు గంధం పూయడం దాకా పొడిగించాను. అక్కడ ఆమె చేతులు వణకాలా, లేక... దీని గురించి తర్వాత రాస్తాను.

ఎన్నిసార్లు తిరగరాయాలని మాత్రం అడగకు. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయింది, అయినా గురజాడ వారు దాన్ని ఎంతో మార్చి, పెంచి, 1909లో మళ్లీ అచ్చు వేయించారు. ఆ మాట విన్నప్పటి నుంచి కొట్టివేతలు చూస్తే నాకు ఉత్సాహమే కలుగుతోంది.

నువ్వు నాకొక సాయం చేయాలి. గంధం పూస్తూ అత్తగారు ‘ఏడాదికల్లా పెరుగుతుంది లేమ్మా’ అంటుంది. ఆ మాట ఉంచితే ఆమె మంచితనం తెలుస్తుంది, తీసేస్తే చేతులే మాట్లాడతాయి. మాస్టారు తీసేయమంటున్నారు, నాకేమో మనసొప్పడం లేదు. రంగం మొత్తం నకలు రాసి ఇందులో పెడుతున్నాను, బిగ్గరగా చదివి చూసి రాయి. నీకు నచ్చకపోతే ఇంకో విషయం, రెండో పేజీలో క్షురకురాలు... అయ్యో, పోస్టు డబ్బా తీసే వేళయింది, తమ్ముడు గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నాడు, ఉంటాను.