ఫైల్ నా చేతిలో ఉంది, జబ్బు వాడికి ఉంది

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మా అక్క కొడుక్కి 22 ఏళ్ళప్పుడు హాడ్జ్‌కిన్ లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల్లో వచ్చే ఒక క్యాన్సర్, అని తేలింది. అక్క ఆరోగ్యం అంతంతమాత్రం. అందుకని ఆస్పత్రి చుట్టూ తిరిగే పని నేను తీసుకున్నాను. ఆరు నెలల పైన వాడి ఫైల్ నా సంచిలోనే ఉంది. మీకు రాయాలనిపించడానికి కారణం కూడా ఆ ఫైలే.

మొదటి రోజు డాక్టర్ గారి గదిలో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన రిపోర్ట్ చూసి, తలెత్తి, నాతో మాట్లాడటం మొదలుపెట్టారు. "బాబుకి ఆకలి ఎలా ఉంది? రాత్రిళ్ళు చెమటలు పడుతున్నాయా?" బాబు పక్కనే ఉన్నాడు. చెమటలు పట్టేది వాడికి, నాకెలా తెలుస్తుంది? నేను వాడి వైపు చూసేదాన్ని, వాడు జవాబు చెప్పేవాడు, డాక్టర్ గారు మళ్ళీ నా వైపు తిరిగి ఇంకో ప్రశ్న వేసేవారు. ఆయన మంచి డాక్టరే. మా వాడు ఇవాళ తిరుగుతున్నాడంటే ఆయన వైద్యం వల్లే. ఫైల్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళతో మాట్లాడటం అలవాటైపోయింది, అంతే.

సంతకాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాడు ఉన్నట్టుండి పెద్దవాడైపోయాడు. "మేజర్ కదమ్మా, తనే పెట్టాలి" అన్నారు కౌంటర్లో. అందులో ఏం రాసి ఉందో ఎవరూ విప్పి చెప్పలేదు. వాడు పెట్టేశాడు.

అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 15 నుంచి 39 ఏళ్ళ మధ్య వాళ్ళను విడిగా ఒక వర్గంగా చూస్తుంది. అలా చూడటానికి కారణం ఉంది. ఈ వయసులో ఎక్కువగా కనిపించే క్యాన్సర్లే వేరు: లింఫోమా, లుకేమియా (రక్త క్యాన్సర్), థైరాయిడ్, వృషణాల క్యాన్సర్, ఎముకల్లో వచ్చే సార్కోమా. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా వచ్చిన కుర్రవాళ్ళకు పెద్దవాళ్ళ పద్ధతిలో కన్నా చిన్నపిల్లల పద్ధతిలో మందులిస్తే ఫలితం మెరుగ్గా ఉంటుందని కూడా తేలింది. లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో 1990లోనే టీనేజ్ పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక క్యాన్సర్ యూనిట్ తెరిచారు. అలాంటివి మన దగ్గరా వస్తే సంతోషమే. కానీ ఈ ఉత్తరం వార్డు కట్టించమని కాదు.

కీమో రేపనగా, సాయంత్రం ఒక నర్సు నన్ను వరండాలోకి పిలిచి, గొంతు తగ్గించి, "పెళ్ళి కాలేదు కదా, వీర్యం దాచిపెట్టించారా?" అని అడిగింది. కీమో వల్ల పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతినవచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఆ అమ్మాయికి జన్మంతా రుణపడి ఉంటాను. అది ఆమె డ్యూటీ కాదు, ఊరికే అనుమానం వచ్చి అడిగింది. అయితే ఆ మాట వాడికి చెప్పాల్సిన పని నా మీద పడింది. చెప్పాను. వాడు గోడ వైపు చూస్తూ విన్నాడు, నేను కిటికీ వైపు చూస్తూ చెప్పాను. చికిత్స రెండు రోజులు వాయిదా వేసి ఆ పని పూర్తి చేశారు. మగపిల్లలకు ఒకటి రెండు రోజులు సరిపోతాయి. ఆడపిల్లలకు అండాలు తీసి భద్రపరచాలంటే దాదాపు రెండు వారాలు పడుతుంది. ముందు రోజు సాయంత్రం వరండాలో తెలిస్తే వాళ్ళేం చేస్తారు? మా వాడికిచ్చిన ఏబీవీడీ అనే నాలుగు మందుల కీమోతో ఈ ప్రమాదం తక్కువేనట. జబ్బు తిరగబెడితే ఇచ్చే మందులతో మాత్రం చాలా ఎక్కువ.

కీమో ఆరు విడతలు, ఒక్కో విడతలో రెండేసి. రెండు వారాలకొకటి చొప్పున మొత్తం పన్నెండు సార్లు సూది. నాలుగోసారి అయ్యాక ఒక పది రోజులకు నేను పని మీద రెండు రోజులు ఇంటికి వెళ్ళాను. ఆ రాత్రి వాడికి 101 జ్వరం వచ్చింది. పారాసిటమాల్ వేసుకుని పడుకున్నాడు. పొద్దున్న ఫోన్ చేసి, "వచ్చింది పిన్నీ, మాత్రకి తగ్గిపోయింది" అన్నాడు, నన్ను టెన్షన్ పెట్టకూడదని తేలిగ్గా. నాకు కాళ్ళు ఆడలేదు. కీమో తర్వాత తెల్ల రక్తకణాలు పడిపోయి ఉంటాయని, 100.4 దాటితే అర్ధరాత్రైనా ఆస్పత్రికి రావాలని, మాత్ర వేస్తే జ్వరం కనపడకుండా పోతుంది గానీ ఇన్‌ఫెక్షన్ పోదని నాకు చెప్పారు. నాకు! వాడికి చెప్పలేదు. నేనూ చెప్పలేదు, నేను ఉంటాను కదా అనుకున్నాను. ఐదు రోజులు వార్డులో యాంటీబయాటిక్స్ ఎక్కించాక గండం గడిచింది.

నా తప్పు ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. డాక్టర్ గారు నన్ను అడిగేవారని చెప్పాను కదా, కొన్నాళ్ళకి నేను వాడి వైపు చూడటం మానేసి నేనే జవాబులు చెప్పడం మొదలుపెట్టాను. ఎనిమిదో కీమో రోజున వాడే, "పిన్నీ, నువ్వు కాసేపు బయట కూర్చుంటావా?" అన్నాడు. మనసు చివుక్కుమంది, అబద్ధమెందుకు. పావుగంట తర్వాత బయటికి వచ్చాడు, ముఖం కాస్త తెరిపిన పడి ఉంది. లోపల ఏం అడిగాడో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ వయసులో ఉన్నవాడికి పిన్ని ముందు అడగలేనివి ఎన్ని ఉంటాయో అప్పుడు గానీ నాకు తట్టలేదు.

అయ్యా, మీ నుంచి కోరేది ఒక ఉత్తర్వు. 18 ఏళ్ళు నిండిన ప్రతి పేషెంట్‌తోనూ మొదటి కీమోకి ముందే, వీలైతే తేదీ ఖాయం చేయకముందే, ఒక నర్సో కౌన్సెలరో అరగంట విడిగా కూర్చోవాలి. పిల్లల సంగతి, జ్వరం సంగతి, చదువో ఉద్యోగమో దాని సంగతి పేషెంట్‌కే చెప్పాలి. ఆ తర్వాత కూడా డాక్టర్ని కలిసిన ప్రతిసారీ కాసేపు మా లాంటి వాళ్ళను బయటికి పంపాలి. మేం మొహం మాడ్చుకుంటాం, ఫర్వాలేదు. ఎవరికైనా కుటుంబం ఎదురుగానే మాట్లాడాలని ఉంటే అదీ వాళ్ళనే అడిగి చేయాలి.

చికిత్స అయిపోయిన రోజున ఒక కాగితం కూడా వాళ్ళ చేతికే ఇప్పించండి. ఏ మందు మొత్తం ఎంత ఎక్కిందో అందులో ఉండాలి. మా వాడికిచ్చిన నాలుగు మందుల్లో డాక్సోరుబిసిన్, బ్లియోమైసిన్ ఉన్నాయి. డాక్సోరుబిసిన్ మోతాదు పెరిగేకొద్దీ గుండెకు ముప్పు పెరుగుతుంది, అది ఏళ్ళ తర్వాత బయటపడొచ్చు. బ్లియోమైసిన్ ఊపిరితిత్తుల్ని దెబ్బతీయగలదు, రేపెప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టర్‌కి ఆ మందు వాడినట్టు తెలియాలి. పదిహేనేళ్ళ తర్వాత ఏ ఆస్పత్రిలోనో వాడిని ఈ వివరాలు అడిగితే, పక్కన నేను ఉంటానో లేదో.

కొత్త యంత్రాలు అక్కర్లేదు. ఒక కుర్చీ, తలుపు వేసుకునే గది, అరగంట తీరిక ఉన్న మనిషి కావాలి. ఆ మూడోది దొరకడమే కష్టమని నాకు తెలుసు. నర్సులు ఎలా పరుగులు పెడుతున్నారో ఆర్నెల్లు చూశాను. అందుకే ఆస్పత్రికి కాకుండా మీకు రాస్తున్నాను.

వచ్చే నెల వాడికి చెకప్ ఉంది. ఈసారి ఒక్కడినే వెళ్తానన్నాడు. నిన్న ఫైల్ సంచిలోంచి తీసి, పెట్ స్కాన్ రిపోర్ట్ పైన పెట్టి, ఇచ్చేశాను.

ఇట్లు,
ఒక పిన్ని